పాత కంప్యూటరు వెనక్కి తిరగగలదా?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో దిగి చైతన్యపురి వైపు నడిచినా, ఎల్బీనగర్ కూడలి చుట్టూ ఉన్న సందుల్లోకి మళ్లినా, కొత్తవి కొనుక్కునేవాళ్లు ఎప్పుడో వదిలేసిన రకం కంప్యూటర్లు ఇంకా రోజంతా పనిచేస్తూ కనిపిస్తాయి. జిరాక్స్ సెంటర్‌లో ఒకటి, డీటీపీ బల్ల మీద ఒకటి, చిన్న ప్రెస్సులో ఒకటి. పెళ్లి శుభలేఖలు, కోచింగ్ సెంటర్ల ప్రశ్నపత్రాలు, ఎన్నికల కరపత్రాలు, అద్దె ఒప్పందాలు వాటి మీదే తయారవుతాయి. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి విజయవాడ రహదారి పట్టుకుని వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉంటూ కోర్సులు నేర్చుకునే విద్యార్థుల్లో చాలామంది సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, దగ్గరలోని దుకాణంలోనో సెకండ్ హ్యాండ్ యంత్రమే కొనుక్కుంటారు. ఇలాంటి యంత్రం ఒకరోజు పొద్దున్నే విండోస్ తెర దాకా రాకుండా ఆగిపోతే, అది నిన్నటి స్థితికి తిరిగి వెళ్లగలదా? వెళ్లగలదని ముందుగా ఎలా తెలుసుకోవాలి?

డీటీపీ యజమాని పాత యంత్రాన్నే ఎందుకు అట్టేపెట్టుకుంటాడో మొదట చెప్పాలి. డబ్బుకు వెనకాడడమే దానికి కారణమనుకుంటే పొరపాటు. తెలుగు డీటీపీ పని ఎన్నో ఏళ్లపాటు పేజ్‌మేకర్ మీద, అను స్క్రిప్ట్ మేనేజర్ మీద నడిచింది. ఆల్డస్ సంస్థ 1985లో తెచ్చిన పేజ్‌మేకర్ 1994లో అడోబీ చేతికి వెళ్లింది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి పెద్ద వెర్షన్. ఇక అను అక్షరాల సంగతి మరీ సున్నితమైనది. యూనికోడ్‌లో ‘క’ అనే అక్షరానికి 3093 అనే సంఖ్య కేటాయించారు. ఏ దేశంలో ఏ యంత్రంలో తెరిచినా ఆ సంఖ్య ‘క’నే సూచిస్తుంది. అను పద్ధతిలో అలాంటి సంఖ్య లేదు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు ఉండే సంఖ్యల మీదే తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి ముక్కల బొమ్మలను కూర్చారు. ఆ ఫాంటు యంత్రంలో ఉన్నంతవరకు తెర మీద చక్కని తెలుగు కనిపిస్తుంది. ఫాంటు పోయిన మరుక్షణం అదే ఫైలు అర్థంలేని ఇంగ్లిషు గుర్తుల వరసగా మారిపోతుంది. ప్రియాంక, అనుపమ, పల్లవి ఫాంట్లలో పదిహేనేళ్లుగా కూర్చిన ఫైళ్లున్న దుకాణానికి ఆ ఫైళ్లొక్కటే ఆస్తి కాదు. వాటిని చదవగలిగే స్థితిలో ఉన్న యంత్రం కూడా ఆస్తే. పాత ప్రింటరు డ్రైవరు, కీబోర్డు లేఅవుటు అమరిక, ఎప్పుడో పోయిన ఇన్‌స్టలేషన్ సీడీ కూడా ఆ స్థితిలో భాగాలే.

అందుకే మన దగ్గర అన్ని కంప్యూటరు జబ్బులకూ చెప్పే ఒకే మందు, ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనే మాట, ఇలాంటి యంత్రం విషయంలో ప్రమాదకరమైనది. ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేయడం మెకానిక్‌కు గంటన్నర పని. ఆ తర్వాత పాత పేజ్‌మేకర్‌నూ ఫాంట్లనూ ప్రింటరునూ మునుపటిలా కలిపి నిలబెట్టడానికి యజమానికి వారాలు పట్టవచ్చు, అసలు కుదరకపోవచ్చు కూడా. కంప్యూటర్‌ను బాగున్న నాటి స్థితికి తిప్పే సౌకర్యం విండోస్‌లోనే ఉంది. అయితే పాత యంత్రాల్లో అది ఎప్పుడో నిలిచిపోయి ఉంటుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. దాన్ని ఖాళీ చేసి తిరిగి మొదలుపెట్టి, యంత్రం ఆరోగ్యంగా ఉన్న రోజునే నిజంగా పనిచేస్తుందో లేదో నడిపి చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

రికవరీ అనే ఒకే మాటను మూడు వేరువేరు పనులకు వాడటం వల్ల చాలా నష్టం జరుగుతోంది. మొదటిది సిస్టమ్ రిస్టోర్. ఇది విండోస్ ఫైళ్లను, ప్రోగ్రాములను, వాటి అమరికలు రాసి ఉండే రిజిస్ట్రీని పాత తేదీ నాటి స్థితికి తిప్పుతుంది, మన డాక్యుమెంట్ల జోలికి పోదు. రెండోది విండోస్ 8తో 2012లో వచ్చిన రీసెట్. ఇది విండోస్‌ను కొత్తగా పరుస్తుంది. మన ఫైళ్లు ఉంచమని అడిగినా, వేసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. మూడోది కంపెనీ ఇచ్చిన ఫ్యాక్టరీ రికవరీ. హెచ్‌పీ యంత్రాల్లో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్‌తో ఎఫ్10, ఆసుస్‌లో ఎఫ్9 నొక్కితే వచ్చేది ఇదే. ఇది సాధారణంగా కొన్ననాటి స్థితికి తీసుకుపోయి మధ్యలోని ఏళ్లన్నిటినీ తుడిచేస్తుంది. కంగారులో ఉన్న మనిషికి తెర మీద ‘రికవరీ’ అనే మాట కనిపిస్తే ఈ మూడింటిలో అది ఏదో తేల్చుకునే ఓపిక ఉండదు. ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పేది మొదటిదాని గురించి.

సిస్టమ్ రిస్టోర్ 2000లో విండోస్ ఎంఈతో వచ్చి, 2001లో విండోస్ ఎక్స్‌పీతో అందరికీ చేరింది. ఎక్స్‌పీలో దాని పద్ధతి ఇది: ఒక చిన్న డ్రైవరు డిస్కు మీద జరిగే మార్పులను కాపలా కాస్తుంది. కొన్ని నిర్ణీత రకాల ఫైళ్లలో ఏదైనా మారబోతుంటే, మారకముందే దాని పాత ప్రతిని ‘సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్’ అనే దాచిన ఫోల్డరులోకి తీసిపెడుతుంది. రిస్టోర్ పాయింటు, అంటే తర్వాత వెనక్కి రాగల మజిలీ, ఏర్పడేటప్పుడు రిజిస్ట్రీ మొత్తానికీ ఒక నకలు తీస్తుంది. మామూలు అమరికలో ఇందుకు డిస్కులో 12 శాతం వరకు వాడుకుంటుంది, పాయింట్లను 90 రోజులు ఉంచుతుంది.

విస్టా నుంచి పద్ధతి మారింది. ఫైళ్ల వారీగా కాపలా కాయడం మానేసి వాల్యూమ్ షాడో కాపీ అనే సేవ డిస్కు మొత్తాన్ని 16 కిలోబైట్ల గడులుగా చూడటం మొదలుపెట్టింది. పాయింటు ఏర్పడిన క్షణంలో ఏ నకలూ తీయదు. అందుకే అంత పెద్ద డిస్కుకు పాయింటు కొద్దిసేపట్లోనే తయారవుతుంది. ఆ తర్వాత ఏదైనా గడి మీద కొత్త సమాచారం రాయబోతున్నప్పుడు, ముందు అందులోని పాత సమాచారాన్ని వేరే చోటికి చేర్చి, ఆ మీదట కొత్తది రాయనిస్తుంది. చిట్టాలో ఒక పద్దును కొట్టివేసే ముందు దాన్ని వేరే పుస్తకంలోకి ఎక్కించి పెట్టుకునే గుమస్తా పని లాంటిదిది. రెండు పుస్తకాలనూ కలిపి చదివితే పాత రోజు లెక్క మొత్తం తిరిగి వస్తుంది.

ఈ పద్ధతిలోని తెలివి నాకు ఎప్పుడూ గౌరవం కలిగిస్తుంది. మారని గడులకు నకలు అక్కరలేదు కాబట్టి చాలా తక్కువ చోటుతో పాత స్థితి మొత్తం నిలుస్తుంది. కానీ ఆ తెలివిలోనే బలహీనత కూడా ఉంది. మారని గడులు అసలు డిస్కులోనే ఉన్నాయి, మారినవాటి పాత ప్రతులూ మామూలుగా అదే డిస్కులో ఉన్నాయి. డిస్కు చెడితే రెండూ పోతాయి. రెండో బలహీనత చోటు గురించి. పాత గడులు దాచే చోటు నిండిపోతే షాడో కాపీ సేవ అన్నిటికన్నా పాత పాయింటును తీసేస్తుంది. తీసేసే ముందు ఎవరినీ అడగదు. విండోస్ 7లో 64 జీబీ దాటిన డిస్కుకు ఈ చోటు 5 శాతం లేదా 10 జీబీ, రెండింటిలో ఏది తక్కువైతే అది. అంతకన్నా చిన్న డిస్కుకు 3 శాతమే. 40 జీబీ డిస్కులో 3 శాతం అంటే జీబీకి కొంచెం ఎక్కువ. ఒక పెద్ద ప్రోగ్రాము వేస్తేనో, అప్‌డేట్ల మూట ఒకటి దిగితేనో ఆ కాస్త చోటూ నిండి పాత పాయింట్లన్నీ పోవచ్చు.

పాత యంత్రంలో ఈ సౌకర్యం చడీచప్పుడు లేకుండా నిలిచిపోవడానికి ఇంకా చాలా కారణాలున్నాయి. ఎక్స్‌పీలో సి డ్రైవ్ మీద ఖాళీ 50 ఎంబీ కన్నా తగ్గితే సిస్టమ్ రిస్టోర్ తాత్కాలికంగా ఆగిపోయి ఉన్న పాయింట్లన్నీ చెరిపేస్తుంది. తిరిగి మొదలవ్వాలంటే 200 ఎంబీ ఖాళీ కావాలి. ఒకే యంత్రంలో ఎక్స్‌పీ, విస్టా రెండూ ఉంటే, ఎక్స్‌పీలోకి వెళ్లొచ్చిన ప్రతిసారీ విస్టా పాయింట్లు పోతాయి. విండోస్ 10 ఎక్కించినప్పుడు చాలా యంత్రాల్లో సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లోనే ఉండిపోతుంది. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నవాళ్లు తప్పకుండా చూసుకోవలసింది ఇది. కొన్నిచోట్ల వేసే ‘లైట్’ విండోస్‌లలో వేగం కోసమని సిస్టమ్ రిస్టోర్‌నే కోసి తీసేసి ఉంటారు. అలాంటి యంత్రంలో దాన్ని వెతకడమే వృథా.

శిక్షణ సంస్థల ల్యాబుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ యంత్రాల్లో మరో చిక్కు ఉండవచ్చు. విద్యార్థులు ఏం మార్చినా రీస్టార్ట్‌తో మొదటికి రావాలని అక్కడ డీప్ ఫ్రీజ్ వంటి సాఫ్ట్‌వేర్ వాడతారు. దాన్ని తీయకుండానే యంత్రం చేతులు మారితే, కొత్త యజమాని పెట్టుకున్న రిస్టోర్ పాయింటు కూడా రీస్టార్ట్ కాగానే మాయమవుతుంది. పాయింటు తయారైందన్న సందేశం మాత్రం కనిపిస్తుంది. పెట్టిన పాయింటు రీస్టార్ట్ తర్వాత కూడా జాబితాలో ఉందో లేదో చూసినప్పుడే ఇలాంటివి బయటపడతాయి.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ సంగతీ చెప్పాలి. 3 వోల్టుల ఈ బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసిన ప్రతిసారీ యంత్రం గడియారం ఎప్పటిదో తేదీకి వెళ్లిపోతుంది. రిస్టోర్ పాయింట్లను గుర్తుపట్టేది తేదీతోనే. జాబితాలోని తేదీలన్నీ తప్పైతే ఏది మంచి రోజు పాయింటో ఎలా ఎంచుకుంటాం? షెడ్యూలు ప్రకారం పాయింటు పెట్టవలసిన పని కూడా గాడి తప్పుతుంది. కొద్ది రూపాయల బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి, ఆ తర్వాతే మిగతా పని మొదలుపెట్టాలి.

సిస్టమ్ రిస్టోర్‌ను రీసెట్ చేయడమంటే, ఉన్న పాయింట్లన్నీ చెరిపి, దాన్ని ఆపి, తిరిగి మొదలుపెట్టడం. ఈ అలవాటు వైరస్‌ల కాలంలో పుట్టింది. ఎక్స్‌పీ రోజుల్లో వైరస్ సోకిన ఫైలు పాత ప్రతి రిస్టోర్ ఫోల్డరులో దాక్కునేది. ఆ ఫోల్డరును యాంటీవైరస్ శుభ్రం చేయలేకపోయేది. శుభ్రమైందనుకున్న యంత్రాన్ని వెనక్కి తిప్పితే వైరస్ మళ్లీ వచ్చేది. అందుకే యాంటీవైరస్ కంపెనీలు సిస్టమ్ రిస్టోర్‌ను ఒకసారి ఆపి తిరిగి మొదలుపెట్టమని సలహా ఇచ్చేవి. పాయింట్ల గొలుసు మధ్యలో చెడినప్పుడు కూడా, అంటే జాబితాలో తేదీలు కనిపిస్తున్నా ప్రతి ప్రయత్నమూ విఫలమవుతున్నప్పుడు, ఇదే దారి.

ఇక్కడ వరుస చాలా ముఖ్యం. చెరిపేసిన పాయింట్లు తిరిగి రావు. కాబట్టి ముందు సి డ్రైవ్‌లోని, డెస్క్‌టాప్ మీది పని ఫైళ్లన్నిటినీ బయటి డిస్కులోకి కాపీ చేయాలి. ఆపైన హార్డ్ డిస్కు ఆరోగ్యం చూడాలి. ప్రతి డిస్కూ తనలోని లోపాల లెక్కను స్మార్ట్ అనే పట్టికలో తనే రాసుకుంటుంది. చెడిన సెక్టార్లను పక్కన పెట్టి మారు సెక్టార్లు వాడిన లెక్క అందులో పెరుగుతూ ఉంటే, ఆ డిస్కు మీద రిస్టోర్ పాయింట్లు పెట్టుకుని ధీమాగా ఉండటం తప్పు. ముందు డిస్కు మార్చాలి. ఆ తర్వాత చెక్‌డిస్క్ నడిపి ఫైల్ సిస్టమ్ లోపాలు సరిచేసి, సిస్టమ్ ఫైల్ చెకర్‌తో విండోస్ సొంత ఫైళ్లు సరిగా ఉన్నాయో చూసి, వైరస్ స్కాన్ పూర్తిచేయాలి. జబ్బుతో ఉన్న యంత్రానికి పాయింటు పెడితే ఆ జబ్బునే భద్రపరిచినట్టవుతుంది.

ఎక్స్‌పీలో మై కంప్యూటర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే సిస్టమ్ రిస్టోర్ ట్యాబ్ ఉంటుంది. అక్కడ అన్ని డ్రైవులలోనూ ఆపమనే గడిలో టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, టిక్ తీసేయాలి. విండోస్ 7 నుంచి ఇదే దారిలో సిస్టమ్ ప్రొటెక్షన్ అనే ట్యాబ్ వస్తుంది. అక్కడ సి డ్రైవ్‌ను ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కితే పాయింట్లు చెరిపే డిలీట్ బటనూ, చోటు పెంచే జారుడు గీతా కనిపిస్తాయి. డిస్కులో వీలుంటే 10 జీబీకి తగ్గకుండా ఇవ్వడం మంచిది. పాయింట్లు చెరిపి, ప్రొటెక్షన్ ఆపి, రీస్టార్ట్ చేసి, తిరిగి ఆన్ చేసి, క్రియేట్ నొక్కి మొదటి పాయింటును చేత్తో పెట్టాలి. దాని పేరులో ఏమున్నాయో రాయాలి. ‘పేజ్‌మేకర్, అను, ప్రింటర్ అన్నీ బాగున్నాయి’ అని రాసుకుంటే, ఆరు నెలల తర్వాత ఆ పాయింటు ఎందుకు పెట్టామో ఎవరినీ అడగనక్కరలేదు. యంత్రం తానుగా పెట్టుకునే పాయింట్ల మీదే ఆధారపడకూడదు. విస్టా రోజూ ఒకటి పెట్టేది. విండోస్ 7 మాత్రం గత ఏడు రోజుల్లో వేరే పాయింటేదీ లేకపోతేనే పెడుతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు పరీక్ష ఇక్కడి నుంచే మొదలవుతుంది.

డీటీపీ యంత్రానికి నేను సూచించే పరీక్ష ఇది. వత్తులు, సంయుక్తాక్షరాలు బాగా ఉన్న ఒక పేజీని పేజ్‌మేకర్‌లో తెరిచి ప్రింటు తీసి పక్కన పెట్టాలి. ఆ తర్వాత అవసరం లేని ఒక చిన్న ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేయాలి. డెస్క్‌టాప్ మీద కొత్తగా ఒక డాక్యుమెంటు కూడా రాసి ఉంచాలి. ఇప్పుడు సిస్టమ్ రిస్టోర్ తెరిచి, చేత్తో పెట్టిన పాయింటును ఎంచుకోవాలి. విండోస్ 7 నుంచి అక్కడ ఏయే ప్రోగ్రాములు పోతాయో, ఏవి తిరిగి వస్తాయో ముందే చూపించే సౌకర్యం ఉంది. ఆ జాబితాలో మనం ఇప్పుడే వేసిన చిన్న ప్రోగ్రాము పేరు కనిపిస్తే పాయింటు సరిగానే ఉందనడానికి అది మొదటి సాక్ష్యం. రిస్టోర్ నడుస్తుండగా కరెంటు పోతే రిజిస్ట్రీ సగం పాతది సగం కొత్తదిగా మిగిలే ప్రమాదం ఉంది కాబట్టి, యూపీఎస్ బ్యాటరీ నిజంగా నిలుస్తుందో లేదో అంతకుముందే చూసుకోవాలి. పని పూర్తయి యంత్రం తిరిగి తెరుచుకున్నాక ఆ ప్రోగ్రాము పోయి ఉండాలి, డాక్యుమెంటు ఉండాలి, పేజ్‌మేకర్ తెరుచుకోవాలి, అదే పేజీ మళ్లీ ప్రింటు తీస్తే మొదటి ప్రింటుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఈ నాలుగూ కుదిరితేనే పరీక్ష నెగ్గినట్టు.

మొదటి పరీక్షను సేఫ్ మోడ్‌లో చేయకూడదు. మామూలుగా తెరిచిన విండోస్ నుంచి రిస్టోర్ చేస్తే, నచ్చకపోతే తిరిగి ముందుకు వచ్చేందుకు విండోస్ మరో పాయింటు పెట్టి ఉంచుతుంది. విండోస్ 7 వంటి వెర్షన్లలో సేఫ్ మోడ్ నుంచి చేసిన రిస్టోర్‌ను రద్దు చేసుకోవడం కుదరదు. రిస్టోర్ విఫలమైతే కంగారుపడనక్కరలేదు. తరచుగా కారణం యాంటీవైరస్ అవుతుంది. అది తన ఫైళ్లను ఎవరినీ తాకనివ్వదు కాబట్టి రిస్టోర్ మధ్యలో ఆగిపోతుంది. అనుమతి నిరాకరించినట్టు సందేశం వస్తుంది. యాంటీవైరస్‌ను కాసేపు ఆపి తిరిగి ప్రయత్నించాలి. అప్పటికీ కుదరకపోతే షాడో కాపీ సేవ, టాస్క్ షెడ్యూలర్ సేవ నడుస్తున్నాయో లేదో చూడాలి. యంత్రాన్ని ‘ఫాస్ట్’ చేయడానికని ఎప్పుడో ఎవరో వాటిని ఆపి ఉండే అవకాశం ఎక్కువ. ఇటీవల దింపుకున్న ఇన్‌స్టాలర్ ఫైళ్లు డెస్క్‌టాప్ మీద ఉంటే అవి రిస్టోర్‌లో పోవచ్చు. వాటినీ ముందే బయటికి చేర్చుకోవాలి.

ఇంకొక పరీక్ష మిగిలే ఉంది. పైన చెప్పినదంతా విండోస్ తెరుచుకున్నప్పటి మాట. అసలు తెరుచుకోకపోతే? విస్టా నుంచి మైక్రోసాఫ్ట్ రికవరీ ఎన్విరాన్‌మెంట్ అనే ఒక చిన్న విండోస్‌ను విడిగా ఇచ్చింది. విండోస్ 7లో ఎఫ్8 నొక్కి రిపేర్ యువర్ కంప్యూటర్ ఎంచుకుంటే, విండోస్ 10లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ చేస్తే అది వస్తుంది. దాన్ని తెరిచి, సిస్టమ్ రిస్టోర్ జాబితాలో మన పాయింటు అక్కడ కూడా కనిపిస్తోందో లేదో చూసి, ఏమీ మార్చకుండా బయటికి రావాలి. కొన్ని పాత మదర్‌బోర్డుల్లో బయోస్ అమరిక కారణంగా విండోస్ రాకముందు యూఎస్‌బీ కీబోర్డు పనిచేయదు. ఆ సంగతి ఆపద రోజున తెలిస్తే లాభం లేదు. ఊదా రంగు గుండ్రటి పిన్ను ఉన్న పాత పీఎస్2 కీబోర్డు ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది.

ఈ చిన్న విండోస్ ప్రాముఖ్యం ప్రపంచానికంతా ఒకే రోజున తెలిసివచ్చింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక లోపమున్న ఫైలు వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో కూలిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మరమ్మతు చిన్నదే: సేఫ్ మోడ్‌లోకి గానీ రికవరీ ఎన్విరాన్‌మెంట్‌లోకి గానీ వెళ్లి ఆ ఒక్క ఫైలును తీసేయాలి. కానీ చాలా యంత్రాల దగ్గరకు మనిషే స్వయంగా వెళ్లవలసి వచ్చింది. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట దాని కీ కూడా వెతకవలసి వచ్చింది. ఆ రోజు వేగంగా తేరుకోవడం ఆ దారి ముందే తెలిసినవాళ్లకే సాధ్యం.

రికవరీ ఎన్విరాన్‌మెంట్ కూడా చెడుతుంది. 2024 జనవరిలో వచ్చిన కేబీ5034441 అనే అప్‌డేట్ ఎన్నో విండోస్ 10 యంత్రాల్లో ఎక్కలేదు. రికవరీ విభాగంలో చోటు చాలకపోవడమే కారణం. దాన్ని 250 ఎంబీ పెంచుకోమని మైక్రోసాఫ్ట్ చెప్పింది. పాత డిస్కును చిన్న చిన్న విభాగాలుగా చీల్చిన యంత్రాల్లో అది మామూలు మనిషి చేయగలిగే పని కాదు. 2025 అక్టోబరులో విండోస్ 11కు వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్ తర్వాత రికవరీ తెర మీద యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయడం మానేశాయి. కొద్ది రోజుల్లో దాన్ని సరిచేశారు. తయారుచేసిన సంస్థ చేతుల్లోనే ఇలా జరుగుతున్నప్పుడు, పదేళ్లుగా ఎవరూ తెరిచి చూడని రికవరీ విభాగం బాగానే ఉంటుందని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. విండోస్ 7లో సిస్టమ్ రిపేర్ డిస్క్, విండోస్ 10లో రికవరీ డ్రైవ్ పేరుతో బయటి సీడీ మీద గానీ పెన్ డ్రైవ్ మీద గానీ దీన్ని తయారుచేసుకోవచ్చు. దాంతో కూడా ఒకసారి యంత్రాన్ని బూట్ చేసి చూడాలి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని యంత్రాల యజమానులకు ఈ పని మరీ అవసరం.

రిజిస్ట్రీకి మరో నకలు ఉంటుందని నమ్మే పాత మెకానిక్‌లకు ఒక మాట. రెగ్‌బ్యాక్ అనే ఫోల్డరులో విండోస్ తానుగా రిజిస్ట్రీ నకలు ఉంచే అలవాటు విండోస్ 10లో 1803 వెర్షన్‌తో ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ సున్నా పరిమాణం ఉన్న ఫైళ్లే కనిపిస్తాయి.

ఇంత చేసినా ఈ సౌకర్యానికి దాటలేని హద్దు ఒకటుంది. 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు నగరం తూర్పు వైపు కాలనీలు, ముఖ్యంగా సరూర్‌నగర్ చెరువు దిగువన ఉన్నవి, నీళ్లలో చిక్కుకున్నాయి. నేల అంతస్తు గదిలో బల్ల కింద పెట్టిన సీపీయూ మునిగితే అందులోని రిస్టోర్ పాయింట్లూ డిస్కుతో పాటే మునుగుతాయి. అందుకే పరీక్ష నెగ్గిన రోజునే, యంత్రం అన్ని విధాలా సరిగా ఉందని చేతిలో రుజువు ఉన్న ఆ పూటే, డిస్కు మొత్తానికి ఇమేజ్, అంటే పూర్తి నకలు, తీసి బయటి డిస్కులో ఉంచాలి. విండోస్ 7లో బ్యాకప్ విభాగంలోనే సిస్టమ్ ఇమేజ్ తీసే వీలుంది. ల్యాబులు ఒకప్పుడు నార్టన్ ఘోస్ట్‌తో చేసిన పనీ ఇదే. ఆ డిస్కును దుకాణంలో కాకుండా ఇంట్లో, వీలైతే పై అంతస్తులో దాచుకోవాలి. సీపీయూను నేల మీద నుంచి లేపి పెట్టడానికి ఒక చెక్క పీట చాలు.

శుభలేఖల పని సన్నగిల్లే ఆషాఢమాసం ఈ పనికి అనువైన కాలం. సిస్టమ్ రిస్టోర్‌ను రీసెట్ చేయడం, పరీక్ష, ఇమేజ్ అన్నీ ఒకటి రెండు రోజుల్లో అయిపోతాయి. మిగిలిన రోజుల్లో పాత అను ఫైళ్లను ఒక్కొక్కటే తెరిచి, ఫాంట్లు లోపలే ఇమిడిపోయేలా పీడీఎఫ్‌లుగా మార్చడం మొదలుపెట్టవచ్చు. మళ్లీ దిద్దవలసి వచ్చే వచనాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. వాటిలో వత్తుల దగ్గరా అరుదైన సంయుక్తాక్షరాల దగ్గరా తప్పులు దొర్లుతాయి కాబట్టి పాత ప్రింటును పక్కన పెట్టుకుని ప్రూఫు చూడాలి. ఏ ఫైలునైనా ఇలా మార్చగలిగేది దాన్ని సరిగ్గా చూపించగల యంత్రం బతికి ఉన్నంతకాలమే. మొదట మార్చవలసినవి తిరిగి సంపాదించలేనివి: కులసంఘాల సభ్యుల జాబితాలు, గుడి కమిటీల చందా పుస్తకాలు, స్థానిక కవులు ఆ దుకాణంలోనే కూర్పించి అచ్చువేయించుకున్న పుస్తకాల మూల ప్రతులు.